నీ గొంతు తీసేసినవాడు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొత్తవాళ్లు నేర్చుకోవాలని నువ్వు రికార్డు చేసిన సినిమా ఎడిటింగ్ పాఠాల్లో, మీ నాచారం స్టూడియో ఓనరు నీ గొంతు తీసేసి తన గొంతు పెట్టుకున్నాడు. తన కోర్సేనని ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్నాడు. అసలు వీడియోలు ఉప్పల్‌లో మన ఇంట్లోనే ఉన్నాయని అతనికి తెలియదు. నిన్న వాటన్నిటినీ నీ పేరుతో ఉచితంగా నెట్‌లో పెట్టేశాను.

పొద్దున ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, గిట్ల జేసినవ్? కోర్సు కొన్నోళ్లంతా నన్ను దొంగ అంటున్రు. జర ఆ వీడియోలు తీసెయ్యి."

"మా అన్న గొంతు తీసేసేటప్పుడు మీకేమన్న అనిపించిందా సార్?" అన్నాను.

అతను బతిమాలుతుంటే స్పీకర్ ఆన్ చేసి వదినకు వినిపించాను. మధ్యాహ్నం వదిన, నువ్వు పోయాక మొదటిసారి, ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగింది.

నీ చెల్లె