రెండేళ్ల తేడా

సోమవారం రాత్రి.

ఒళ్ళు మండిపోతోంది. పింఛను ఆఫీసులో గుమస్తా కాయితంలో వయసు రాయాలంటే, "అక్క నాకంటే రెండేళ్లు పెద్దదండీ" అన్నాను. పక్కనున్న అక్క సాక్ష్యం చెప్పింది: "ఇది నాకంటే రెండేళ్లు చిన్నదండీ." గుమస్తా పగలబడి నవ్వాడు.

"రెండూ ఒకటే మాట మామ్మగారూ! మీకు అరవై అయితే ఆవిడకి అరవై రెండు, మీకు ఎనభై అయితే ఎనభై రెండు. ఎన్ని జవాబులైనా కుదురుతాయి."

ఆధార్ చూస్తే ఇద్దరం ఒకే ఏడు, ఒకే రోజు పుట్టామట. "ఇదీ కలిపితే అసలు జవాబే లేదండి" అని కాయితం వెనక్కిచ్చాడు. కార్డులో తప్పు రాసినవాడు హాయిగా ఉన్నాడు, అబద్ధాలకోరుని నేనయ్యాను!

నేను పుట్టినప్పుడు ఎవరు చూశారక్కా అంటే "నేను చూశాగా" అంటుంది. పింఛను రాకపోతే బీపీ మాత్రలకి కోడలి ముందు చెయ్యి చాపాలి. అక్కకి వారం నుంచి దగ్గు. ఆవిడ కూడా పోతే, నేను ఎవరికంటే చిన్నదాన్నని చెప్పుకోను...