జవాబుకు వదిలిన జాగా

జూన్ 9, సోమవారం

పై అంతస్తు శేఖర్ పొద్దున్నే కాగితం పట్టుకొచ్చాడు. వాడి పార్టీ వాళ్లది, మరాఠీలో ఉంది. "యాదక్కా, గిది బోర్డు మీద తెలుగుల రాయి. జర జల్ది. ముసలోళ్లు నీ చేతిరాతనే నమ్ముతరు."

కుట్టు దుకాణానికి ఆలస్యమవుతోంది. ముందు మొత్తం చదవలేదు... ఒక్కో లైనూ తెలుగు చేస్తూ రాసుకుంటూ పోయాను. దేశం అప్పుల్లో ఉంది. పొరుగు దేశం మన మీద కన్నేసింది. ఖర్చులు తగ్గాలి. మన గల్లీ దవాఖానా వచ్చే నెల ఒకటి నుంచి మూత. ఈ సమయంలో ఖర్చు పెట్టమని అడిగేవాడు శత్రువుకు సాయం చేసినట్టే.

అలవాటు కొద్దీ కింద సంతకం. దాని కింద జానెడు జాగా.

జూన్ 10, మంగళవారం

నర్సింలు తాత మెట్ల మీద నిలదీశాడు. "బిడ్డా, దేశానికి అప్పయిందని రాసినవ్. ఎవరికి బాకీ? గా అప్పుల నా షుగర్ గోలీలెన్ని? శత్రువుకు సాయం జేసెటోన్ని నేనేనా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ చాల్‌లో, వరస గదుల మా పాత మేడలో, మెట్ల కింది నల్లబోర్డు నాయన పెట్టింది. నీళ్ల టైము, చావు, పెళ్లి, అన్నీ దాని మీదే. రాసినవాళ్లు సంతకం పెట్టాలి, ఎవరడిగినా నిలబడి చెప్పాలి. అడిగేవాళ్ల కోసం కింద జానెడు జాగా వదలాలి. వాళ్లూ పేరు పెట్టే అడగాలి. పేరు లేని ప్రశ్నను నాయన తడిగుడ్డతో తుడిచేసేవాడు. జీవితమంతా తట్టలు మోసిన మనిషి, మాటకు మాత్రం అంత పట్టింపు. ఆయన కూతుర్ని, చదవకుండా సంతకం పెట్టాను. బుద్ధి గడ్డి తింది!

జూన్ 11, బుధవారం

శేఖర్‌ని తాత ప్రశ్నలే అడిగాను. "పైనుంచి వచ్చింది అక్కా, నాకేమెరుక?"

మరి మీ పార్టీ లీడర్ సాహెబ్ వస్తున్నాడని గల్లీ మొదట్లో ఆ లైట్ల కమాన్ ఎందుకు కట్టారు, దానికి అప్పు అడ్డం రాలేదా అన్నాను.

"అది దేశభక్తి అక్కా."

నవ్వాపుకోలేకపోయాను. వాడు నవ్వలేదు. వీడికి ఈ బోర్డు మీదే అ ఆలు దిద్దించాను!

సాయంత్రం ఆ జానెడు జాగాలో నేనే రాశాను: "పైన రాసింది నాకే అర్థం కాలేదు. తప్పు నాది. తెలిసినవాళ్లు ఆదివారం పదింటికి ఇక్కడికి వచ్చి చెప్పాలి. — యాదమ్మ."

జూన్ 12, గురువారం

శేఖర్ తుడవమన్నాడు. తుడవను.

జూన్ 13, శుక్రవారం

దుకాణం నుంచి వచ్చేసరికి బోర్డు మీద ఫ్లెక్స్. సైనికుడు, సరిహద్దు మ్యాపు, చేతులు జోడించిన సాహెబ్. మరాఠీలో పెద్ద అక్షరాలు — దేశం ముందు, మనం తర్వాత.

కానీ కొలత తప్పారు. కింద సరిగ్గా జానెడు తేలింది... నాయన జాగా! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నా ఆదివారం లైను చెక్కుచెదరలేదు. పక్కనే నర్సింలు తాత ప్రశ్న, వంకర అక్షరాల్లో, పేరుతో సహా. నాతో అన్నవన్నీ ఇరికించాడు. ఇంకొక్క ప్రశ్నకు చోటు మిగిలింది.

జూన్ 14, శనివారం

నాగ్‌పాడాలో దుకాణానికే వచ్చాడు శేఖర్. చీరకు ఫాల్ కుడుతున్నాను, మిషన్ ఆపలేదు.

"మన చాల్‌కి మచ్చ వస్తది అక్కా. దేశద్రోహులంటరు."

ఒళ్లు మండిపోయింది. అప్పుడు ఆపాను మిషన్. గోలీలు అడిగితే ద్రోహమా? సరిహద్దులో నిలబడ్డ పిల్లగాడి తల్లికి షుగర్ రాదా? గట్టిగానే అన్నాను, దుకాణంలో అందరూ తలలు తిప్పారు. చూడనీ.

వాడు తల దించుకున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి — "రేపు మా అమ్మ అడుగుతది. ఆమె పేరు మాత్రం రాయకు. పార్టీల నన్ను ఉండనియ్యరు."

వాళ్లమ్మ లచ్చవ్వ గోలీలూ ఆ దవాఖానావే కదా. వాడి మీద కోపం పోలేదు. జాలి కూడా వేసింది.

జూన్ 15, ఆదివారం

పదింటికి మెట్ల నిండా జనం. చెప్పడానికి ఒక్కరూ రాలేదు. సాహెబ్ సరే, ఆయన మనిషి కూడా రాలేదు. పదకొండయింది.

లచ్చవ్వ గోడ పట్టుకుని దిగింది. "రాయి యాదమ్మా. దవాఖానా మూస్తే నేనేడికి పోవాలె? గంతే."

రాశాను. పేరు దగ్గరికొచ్చి ఆగాను. శేఖర్ గేటు దగ్గర ఉన్నాడు, మెడలో పార్టీ కండువా, చేతిలో తడిగుడ్డ. వద్దని తల ఊపాడు. పేరు రాస్తే వీడి బతుకు పోతుందేమో... రాయకపోతే ముసలామె మాటకు విలువ లేదు. అందరికీ ఒకటే నియమం. అయినా అడిగాను, పేరు రాయనా అని.

"నా పేరు నీకు తెల్వదా? రాయి."

రాశాను. లచ్చవ్వ. పెద్ద అక్షరాలతో.

శేఖర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. లచ్చవ్వ కొడుకు వైపు చూడలేదు, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లిపోయింది. వాడు బోర్డు ముందు ఆగాడు, తుడవలేదు. తర్వాత స్టూలు తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం నీళ్లకు దిగినప్పుడు కూడా అలాగే ఉన్నాడు, తడిగుడ్డ చేతిలోనే ఆరిపోయింది. తుడవడానికి కూర్చున్నాడో, ఇంకెవరూ తుడవకుండా కూర్చున్నాడో తెలియదు. అడగలేదు.