విప్పని ఒడిబియ్యం మూట

శుక్రవారం రాత్రి, మిర్యాలగూడ

వీసా ఈరోజూ రాలేదు. జర్మనీలో నేను పరిశోధన చేసే యూనివర్సిటీ కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. నివాస అనుమతి ఇచ్చే ఆఫీసు మాత్రం "పరిశీలనలో ఉంది" అన్న మాటే మళ్లీ పంపింది. పాస్‌పోర్టు ఎంబసీలో చిక్కుకుపోయింది.

వీసా ఎలాగూ వచ్చేస్తుందని కోదాడలో అమ్మ తొందరపడి, కూతుర్ని సాగనంపేటప్పుడు కొంగులో పోసే ఒడిబియ్యం పోసేసింది. పోశాక పుట్టింట్లో ఉండకూడదాయె! అత్తగారింటికి వచ్చి పడ్డాను. ఆ బియ్యం నా ఇంట్లో వండి నలుగురికి పెట్టాలి. జర్మనీలోని మా కిరాయి ఇంట్లో, ల్యాబ్ వాళ్లను పిలిచి వండుదామని మూట విప్పనేలేదు.

ఈరోజు అత్తమ్మ మూట తడిమి చూసింది.

"ఇంకెన్ని దినాలు కట్టి పెడ్తవ్ బిడ్డా? పురుగు పట్టింది సూడు. రేపు ఈడనే వండుదాం. ఇది నీ ఇల్లు గాదా?"

కాదని ఎలా అనగలను? కానీ వండితే, ఇక వెళ్లనని నేనే ఒప్పుకున్నట్టు. అక్కడున్న మా ఆయనకు ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమే అయితే ఈపాటికి ల్యాబ్‌లో ఉండేదాన్ని.

"సరే అత్తమ్మా" అన్నాను.

ఆమె చేట తేవడానికి వెళ్లగానే మూట కొంచెం విప్పి ఒక గుప్పెడు తీసి సూట్‌కేసులో దాచుకున్నాను, పురుగులతో సహా.