ఎండుచేపల వాసన కార్డులు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఆరేళ్లు. నీ జంతువుల బొమ్మల కార్డుల ఆటలో ఈ ఏడాది పాత కార్డులకు మళ్లీ పోటీల్లో చోటిచ్చారు. నువ్వుంటే మైపాడంతా చాటేవాడివి.

జేబులో పెట్టుకుని సముద్రం మీద వేటకెళ్లి, తడిపి తెచ్చి, అమ్మ చూడకుండా ఎండుచేపల మధ్య ఆరబెట్టావే, ఆ కార్డులతోనే నా కూతురు నిన్న నెల్లూరు పోటీలో ఆడింది. ఎదురుగా కూర్చున్న అబ్బాయి ముక్కు మూసుకుని, "ఏంది ఈ కంపు?" అన్నాడు.

"మా మామ కార్డులు. ఆయనతో వేటకు పోయొచ్చినాయి," అంది ఇది, తల దించకుండా.

నీకు ప్రాణమైన తిమింగలం కార్డుతోనే ఫైనల్ గెలిచింది.

బహుమతిగా కొత్త కార్డులిచ్చారు. ఇంటికి రాగానే వాటిని పెరట్లోకి తీసుకెళ్లి, ఎండుచేపల మధ్య ఒక్కొక్కటే పరిచింది. నేను చూడనట్టే ఉన్నాను.