లాలి బొమ్మకు నేను చెయ్యి పెట్టను

ఖానాపురం హవేలి,
24 నవంబరు 2024, ఆదివారం.

గౌరవనీయులైన హెడ్‌మాస్టర్ వెంకటరామారావు గారికి,

డ్రాయింగ్ టీచర్ దీవెన నమస్కరించి రాసుకునేది. మీరూ, ఇంట్లో సీతారావమ్మ గారూ క్షేమమని తలుస్తాను. ఇది సెలవు చీటీ కాదు సార్, కొంచెం ఓపిగ్గా చదవండి. ఎదురుగా చెబుదామంటే మీకు ఫోన్లు వస్తాయి, నా గొంతు లేస్తుంది. అందుకే రాస్తున్నాను.

శుక్రవారం మీరు స్టాఫ్ రూములో తొమ్మిదో తరగతి లాలి వేసిన బొమ్మను ఎత్తి పట్టుకుని అందరికీ చూపించి నవ్వారు. బస్సు పెట్టి మ్యూజియానికి తీసుకుపోతే నేర్చుకున్నది ఇదా అన్నారు. ఇది జిల్లా ప్రదర్శనకు పోతే బడి పరువు పోతుందన్నారు. పిల్ల పేరు అట్లాగే ఉంచి, "కొంచెం చెయ్యి పెట్టండి మేడం" అన్నారు. ప్రదర్శనలప్పుడు పిల్లల బొమ్మలు టీచర్లు దిద్దడం చాలాచోట్ల జరిగే పనే, నాకు తెలియనిది కాదు. ఈసారి మాత్రం పెట్టను.

ఆ రోజు భద్రాచలం మ్యూజియంలో ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక పెద్ద రంగుల చిత్రం ముందు తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టాను. అడవిలోకి పోయే బాట, రెండు పక్కలా టేకు చెట్లు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిలుతో చెట్లను కొలవమన్నాను. దగ్గరి చెట్టు పెన్సిలంత వచ్చింది, చివరి చెట్టు గోరంత. బాట అంచులు రెండూ పోయి పోయి ఒక చుక్కలో కలుస్తాయని చూపిస్తే పిల్లలకు ఒకటే సంబరం. తరువాత పక్క గదిలో కోయవాళ్ళ పాత బొమ్మల గుడ్డ చూశాం. అందులో దూరమూ లేదు, దగ్గరా లేదు. వాళ్ళ వంశపు పెద్దలు గుర్రాల కంటే పెద్దగా ఉన్నారు. ఇది తప్పు బొమ్మా టీచర్ అని దీపిక అడిగింది. డిప్లొమాలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

లాలి రెండు గదుల మధ్యా నాలుగుసార్లు తిరిగి వచ్చి నాతో అన్నది: "బాట గీసినాయన ఒక్క కాడనే నిలబడి చూసిండు టీచర్. గాయినకు గట్ల కనబడ్డది. గుడ్డ మీద గీసినోళ్ళకు గా పెద్దలు సొంతోళ్ళు."

ఇప్పుడు ఆ పిల్ల బొమ్మ మరోసారి చూడండి సార్. కరెంటు స్తంభాలు వరుసగా చిన్నవవుతూ పోయాయి. మిరపచేను సాళ్ళన్నీ ఒకే చుక్కలో కలిశాయి. స్కేలు పెట్టి చూసుకోండి, వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ చివర, గోరంత ఉండాల్సిన చోట, వంగి కలుపు తీస్తున్న వాళ్ళమ్మ మాత్రం స్తంభాల కంటే పెద్దగా ఉంది. చేతకాక కాదు, కావాలనే వేసింది. ఎందుకని అడిగాను. తండాలో అమ్మను యాడి అంటారు. "మా యాడి ఎంత దూరమున్నా నాకు చిన్నగ కనబడదు" అంది. హాస్టలుకొచ్చి మూడేళ్ళయిన పిల్ల సార్. ఆమెను చెరిపేసి అక్కడ చీమంత ఆడమనిషిని గియ్యమంటారా? నా వల్ల కాదు.

నా కాంట్రాక్టు జూన్‌లో రెన్యువల్ అని గుర్తు చేశారు. సంతకం పెట్టేది మీరే, పెట్టకపోతే మానేయండి. కూలికి పోయినవాళ్ళ బిడ్డనే నేను, పని దొరక్క చావను.

బొమ్మ నిన్ననే ఖమ్మంలో ప్రదర్శన వాళ్ళకు ఇచ్చి వచ్చాను, పిల్ల వేసింది వేసినట్టుగా. ఎంట్రీ ఫారాల మీద మీరు ముందే సంతకాలు పెట్టి ఉంచడం మంచిదైంది. బహుమతి రాకపోతే రాకపోనీ.

ఇట్లు,
మీకు కోపం తెప్పించిన
దీవెన

తా.క.: అసలు మాట రాయకుండానే కవరు అంటించబోయాను. పోయిన ఏడాది జిల్లాలో మొదటి బహుమతి తెచ్చిన పద్మప్రియ బొమ్మ పద్మప్రియది కాదు, నాది. మీరు కొంచెం చెయ్యి పెట్టమన్నారు, నేను మొత్తం వేశాను. ఆ పిల్ల స్టేజీ ఎక్కి షీల్డు తీసుకుంటే మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ రోజు నుంచి అది నా క్లాసులో పెన్సిలు ముట్టలేదు. ఎందుకే అంటే, "మీరే గీస్తరు గదా టీచర్" అన్నది. పద్మప్రియకు చెప్పే, ఆ బొమ్మ వేసింది నేనని, తప్పు నాదే గాని పిల్లది కాదని రాసి, నిన్న లాలి బొమ్మతో పాటు ఆ కాగితం కూడా ఇచ్చాను. షీల్డు వెనక్కి అడుగుతారు. బీరువాలోంచి తీసి ఉంచండి.