సారె బిస్కెట్ల బేకరీ

వనస్థలిపురం

వియ్యపురాలు స్వరూప వదినగారికి,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. రిసెప్షన్‌కి పెళ్లికూతురి వాళ్లు సారెగా సున్నుండలు తేవడం మా వైపు ఆనవాయితీ. నేనేమో గొప్పకు పోయి, యూట్యూబ్ చూసి బిస్కెట్లు కాల్చాను. ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో మీ అత్తగారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని కూర్చున్నారు.

"గింత గట్టిగున్నయేంది వదినా, యాడ కొన్నరు?" అని మీరడిగితే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో బేకరీ అని అబద్ధమాడేశాను. పైగా ఆ బేకరీవాణ్ణి మీకంటే ఎక్కువ తిట్టాను. "ఆదివారం ఇద్దరం పోయి కొట్లాడుదాం" అన్నారు మీరు.

తప్పకుండా కొట్లాడదాం. కానీ దిల్‌సుఖ్‌నగర్ దాకా వద్దు వదినా, మా ఇంటికే రండి. ఆ బేకరీ మా వంటిల్లే. ఓనరు నేతి సున్నుండలు చుట్టిపెట్టుకుని, తిట్లు తినడానికి సిద్ధంగా ఉంటుంది.

మీ కోడలి అమ్మ