తలుపు పక్కన రెండడుగుల గోడ

ఒరేయ్ తమ్ముడూ, దూలం కింద నిలబెట్టిన ఇనుప జాకీలు ముట్టుకోకు. ఇప్పుడు పైగది వాటిమీదే నిలబడింది. సాయంత్రం ఇంజనీరు వచ్చేదాకా మేస్త్రీని సుత్తి పట్టనివ్వకు.

కొత్త గది తలుపుకీ మూలకీ మధ్య రెండడుగుల గోడ ఉండి తీరాలని, పై బరువంతా దానిమీదకే దిగుతుందని ఆ ఇంజనీరు నీ ఎదుటే చెప్పాడు. గంగిరెద్దులా తలూపావు. నేనలా పనికి వెళ్ళగానే, తలుపులో బండి హ్యాండిల్ పట్టడం లేదని ఆ గోడని జానెడు మిగిల్చి కొట్టించేశావు! మేస్త్రీ వద్దన్నాడట కూడా. "మా అక్క అన్నిటికీ అలాగే అరుస్తుంది, నువ్వు కొట్టు" అన్నావట. మెట్లెక్కలేని అమ్మకోసం కింద ఈ గది కడుతున్నామనుకున్నాను. నీ బండికని తెలిస్తే ఒక్క ఇటుక దింపనిచ్చేదాన్ని కాదు.

అమ్మని పిన్ని ఇంట్లో దింపడానికి వెళ్తున్నాను. దుమ్ముకి దగ్గొస్తుందని చెప్పాను. అసలు సంగతి, నీ ఘనకార్యం, నువ్వే చెప్పుకో.

నీ బండిని ఆ గదిలోంచి తీయకు. గోడ కూలితే దానిమీదే కూలనీ.

నువ్వు మాత్రం లోపల పడుకోకు. వరండాలో పక్క వేసి ఉంచాను.